కడిగి పంపిన ముక్కలు

జాడ యంత్రం దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆ కేంద్రం పెద్ద హైమావతి గారు నన్ను ఇంటి నుంచి ఏదైనా పాత ప్లాస్టిక్ వస్తువు తెమ్మన్నారు. మా నీలం బిందె తీసుకెళ్లాను. ఆమె దాని అంచు నుంచి గోరంత ముక్క కోసి, కుట్టుమిషను అంత ఉన్న ఆ యంత్రంలో పెట్టారు. నలభై నిమిషాలు అది సన్నగా మూలిగింది. తర్వాత తెర మీద మా బిందె బతుకంతా వచ్చింది. ఒకసారి కరిగింది. పదిహేడేళ్లు వాడకంలో ఉంది. ఎండ పెద్దగా తగల్లేదు. కింద రెండు అంకెలు. ఒకటి 'ఇప్పటిదాకా', రెండోది 'ఇకమీద'.

"ఈ బిందె వల్ల గాల్లో కలిసిన పొగ, కిలోల్లో" అని చెప్పారు ఆమె. "బిందె కిలో బరువు. ముడి చమురుగా నూనె బావిలోంచి బయటికొచ్చి, ఫ్యాక్టరీలో ఉడికి, అచ్చులో పడి, లారీ ఎక్కి మీ గుమ్మంలోకి వచ్చేసరికే రెండు కిలోల పైన పొగ వదిలేసింది. ఆ తర్వాత పదిహేడేళ్లూ మీరు నీళ్లు మోశారు, దాని పొగ పెరగలేదు. ఇకమీద ఎంతన్నది దాని చివరిని బట్టి. కాల్చేస్తే ఇంకో మూడు కిలోలు. మీ ప్లాస్టిక్ ఏరే షెడ్డుకు వెళ్లి కరిగి మళ్లీ బిందె అయితే ఒక కిలోలోపే."

"మరయితే ఆ కొత్త బిందికి బావిలోంచి నూని తోడక్కర్నేదు కదమ్మా" అన్నాను.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి నన్ను చూశారు. "ఈ ఒక్క మాట కమిటీకి ఎక్కించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది దాలమ్మ గారూ."

ఆ రోజే నన్ను పనిలోకి తీసుకున్నారు. ప్లాస్టిక్ అంటే సన్నటి పొడవాటి గొలుసుల ముద్ద అని, కరిగిన ప్రతిసారీ కొన్ని లంకెలు తెగుతాయని, ఎండకు తెగే తీరు వేరని, జాడ ఆ తెగిన చోట్లను చదివి వయసు చెబుతుందని ఆమె దగ్గరే విన్నాను. నాకు తెలిసిన విద్య వేరు. ముప్పై ఏళ్లుగా నల్లరేవు పట్నంలో ఉప్పుటేరు షెడ్డులో ప్లాస్టిక్ ఏరాను. డబ్బాను గోటితో మీటితే ఆ చప్పుడును బట్టి అది ఏ జాతో చెప్పగలను. ప్యాకెట్ల మీది అచ్చు చూసి అక్షరాలు నాకు నేనే కూడబలుక్కున్నాను. జాడ కేంద్రానికి అలాంటి మనిషి కావాలి. షెడ్డు నుంచి నెలనెలా నమూనాలు తెచ్చి, జాతి ప్రకారం వేరు చేసి, ముక్కలు కోసి పెట్టాలి.

షెడ్డులో నా పక్క పీట మా ఎర్నమ్మది. నా తోడికోడలు. మా మగవాళ్లిద్దరూ అన్నదమ్ములు, ఒకే తెప్ప మీద వేటకు వెళ్లి ఇద్దరూ రాలేదు. ఆ ఏడు నుంచి మేమిద్దరం ఎదురుబొదురు గదుల్లో ఉంటూ ఒకే దారిన పనికి వెళ్లాం. ఈమధ్య దానికి చూపు మందగించింది. అయినా చెవితో నా కంటే బాగా ఏరుతుంది. నేను కేంద్రానికి వెళ్లేటప్పుడు వెక్కిరించింది. "ఎల్లప్పా, ఎల్లు. నానిక్కడ మీటతాను, నువ్వక్కడ మిసను సేత మీటించు. ఎవుల్ది నిజమో తేలిపోద్ది."

కేంద్రం వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. నమూనాలు ఎలా పంపాలో అందులో ఉంది. మొదటి వాక్యమే, 'శుభ్రంగా కడిగి, బాగా ఆరబెట్టి పంపవలెను.'

ఆ వాక్యాన్ని నేను నలుగురిలా తీసుకోలేదు. షెడ్డు సరుకంటే ఊరికి చెత్త. దాన్ని చదువుకున్నవాళ్ల బల్ల మీద పెట్టబోతున్నాను. ఒక్క మరక కనబడినా ఉప్పుటేరు ఆడవాళ్లు ఇంతే అనుకుంటారని నా భయం. మామూలు సరుకును మేం సముద్రపు నీళ్ల తొట్లో ఒకసారి ముంచి, నీడన వలల మీద పరుస్తాం. ఎండ తగిలితే కవర్లు పెళుసెక్కి కరిగించేచోట విరుగుతాయని మా మేస్త్రి సన్యాసిరావు అరుస్తాడు. నమూనాలను మాత్రం నేను నాలుగేసి సార్లు ఉప్పునీళ్లలో రుద్ది, షెడ్డు పైకప్పు రేకు మీద పరిచి, పైన వల కప్పి, తొమ్మిది రోజులు ఉంచాను. కరిగించేది కాదు కదా, చూపించేది కదా అనుకున్నాను. తెల్లగా, గలగలమంటూ వచ్చేవి. హైమావతి గారు కూడా ఒకసారి మెచ్చుకున్నారు.

అలా మూడు నెలలు మోశాను.

నాలుగో నెలలో ఫలితం వచ్చింది. ఉప్పుటేరు షెడ్డు సరుకు సగటున మూడేళ్ల నాలుగు నెలలు ఎండలో పడి ఉన్నదని జాడ చెప్పింది. రెండేళ్లు దాటిన సరుకు కరిగినా నిలవదు. విరిగిపోయిన దాన్ని మళ్లీమళ్లీ కరిగించడానికి పెట్టే మంట దండగ. ఎండకు మాగినకొద్దీ అది కంటికి కనబడని వాయువు కూడా వదులుతుందట. అలాంటి సరుకు వచ్చే షెడ్డును మూసి, ఆ సరుకును సిమెంటు బట్టీలో బొగ్గుకు బదులు కాల్చాలని రూలు. రూలు కొత్తది. పదకొండు ఊళ్లలో ఒకేసారి పెట్టారు. ఆ ఊళ్ల నమూనాలన్నీ చదివే ఈ ఒక్క జాడను నమ్మి పెట్టారు.

షెడ్డుకు తాళం పడింది. ఇరవై ఆరుగురం ఏరేవాళ్లం. మొదటి వారంలోనే ముగ్గురు వెళ్లిపోయారు. తవుడమ్మ రొయ్యల చెరువులకు, నీలయ్యమ్మ తమ్ముడి దగ్గరికి. అప్పయ్యమ్మ ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. ఎర్నమ్మకు పారాదీప్‌లో కూతురుంది. శనివారం బండికి వెళ్లాలని మూటలు కట్టింది. భాష రాని ఊరు, మసక చూపు. అక్కడ ఏం చేస్తుందని అడిగితే, "కూకుంటాను. కూకోడం కూడా పనేనంట, మా అల్లుడు సెప్పినాడు" అంది. నవ్వించాలనే అంది. తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. నేను గుమ్మం దాకా వచ్చి సాగనంపిన వాళ్లెవరూ నాకు తిరిగి కనబడలేదు. అమ్మ, చెల్లెలు, ఆ ఇద్దరు మగవాళ్లు. శనివారం గుమ్మంలోకి రాకూడదని, ఇంట్లోనే ఉండిపోవాలని మనసులో అనుకున్నాను. అలా చేస్తే ఏదో ఆగుతుందన్నట్టు.

ఆ గురువారం కేంద్రంలో మిగిలిన నమూనాలు పూర్తిచేస్తున్నాం. పాత సంచిలో ఏడెనిమిది ముక్కలున్నాయి. నేను ఒక పాల కవరు ముక్క కోసి ఇచ్చాను. జాడ మూలిగి మూలిగి తెర మీద చూపించింది. ఎండలో మూడేళ్ల రెండు నెలలు.

హైమావతి గారు రాసుకుంటున్నారు. మిగిలిన కవరు నా చేతిలో ఉంది. దాని మూల మీద నల్ల అచ్చు. ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ. చదివాను. మళ్లీ చదివాను. గోడ మీది కేలండరు చూశాను.

ఆ పాలు కాచుకుని రెండు నెలలు కూడా కాలేదు.

మూడేళ్ల కిందట ఆ కవరు పుట్టనే లేదు. మరి ఆ ఎండ ఎక్కడిది? అడగాల్సిన పని లేకపోయింది. నా అరచేతులకు ఆ రేకు వేడి తెలుసు. ఉప్పు తడి, మండే రేకు, తొమ్మిది రోజులు, ఆ లంకెలు అక్కడే తెగాయి. ప్రతి నెలా అలాగే.

మధ్యాహ్నం డబ్బా తెరిచి ముందు పెట్టుకున్నాను. చెబితే ఏమవుతుందో వరసగా కనబడింది. ఈ పని పోతుంది. హైమావతి గారి యంత్రాన్ని ఊరంతా వేలెత్తి చూపుతారు. ఎర్నమ్మ ముఖం ఎలా మారుతుందో ఊహించడానికి కూడా ధైర్యం చాల్లేదు. చెప్పకపోతే కేలండరు చూసేవాళ్లు ఇంకెవరూ లేరు. రేపు ఉదయం లారీలు మా సరుకును బట్టీకి తీసుకెళ్తాయి. ఎల్లుండి బండి.

డబ్బా మూత పెట్టి లేచాను.

"అమ్మా, ఈ కవరు మీద తారీకు సూడండి" అని బల్ల మీద పెట్టాను. "తప్పు నాది. మీ మిసనుది కాదు."

మొత్తం చెప్పాను. రేకు మీద ఎలా పరిచానో, ఎన్ని రోజులో, ఎందుకో. ఆమె కవరు అటూ ఇటూ తిప్పారు. సొరుగు లాగి ఆ పాత కాగితం తీశారు. మొదటి వాక్యం మీద వేలు పెట్టారు.

"ఇది రాసింది నేను" అన్నారు. "బాగా ఆరబెట్టి. ఎక్కడ ఆరబెట్టాలో రాయలేదు. నా ఇంట్లో బట్టలు బాల్కనీ నీడలో ఆరతాయి. అదే నాకు తెలిసిన ఆరబెట్టడం."

"మా సన్నాసిరావు రోజూ అరుస్తాడమ్మా, ఎండ తగిలితే సెడిపోద్దని. తెలిసీ సేసినాను."

"మీరు నాకు గౌరవం ఇచ్చారు దాలమ్మ గారూ. దాన్ని నేను చెత్త వయసు అని రాసుకున్నాను." లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగారు. "కడగని ముక్కలు కావాలి. మీ షెడ్డువి. ఎక్కడున్నాయి?"

"తాళమేసినారు కదా. ఏరిన మూటలన్నీ కడక్కుండానే యార్డులో ఉన్నాయి. రేపొద్దున లారీ."

"అయితే రేపొద్దున యార్డులోనే."

శుక్రవారం ఏడింటికి ఆటోలో జాడను నా ఒళ్లో పెట్టుకుని వెళ్లాం. బరువుకు కాళ్లు తిమ్మిరెక్కాయి. సన్యాసిరావు గేటు దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"కాయితం ఉంటే మూట ఇప్పండి. నేకపోతే నేదు. నా ఉద్యోగమొకటే మిగిలింది, అది కూడా పట్టికెల్తారేటి?"

"ఒరే సన్నాసీ, మూటలు కట్టింది ఎర్నమ్మ. దాని ముడి ఏదో నాకు తెలుసు. నువ్వు అటు తిరుగు" అన్నాను.

"నాను తిరగను." కాసేపు నన్ను చూశాడు. "నీల్లు తాగడానికి ఎల్తాను. అటేపు కుళాయి దూరం" అని వెళ్లిపోయాడు.

కాటా గదిలో జాడకు కరెంటు దొరికింది. నేను మూటలు ఇప్పి ముక్కలు ఏరాను. పాలకవర్లు, నూనె డబ్బాలు, షాంపూ సీసాలు, విరిగిన బకెట్టు. గులాబీ రంగు పాచి, పులిసిన వాసన. దేన్నీ తుడవకుండా ఉండటానికి నా చేతులతో నేనే పోట్లాడాను. కొంగు చివర ఊరికే పైకి లేస్తుంది. హైమావతి గారు చూసి ఒకసారి నా మణికట్టు పట్టుకుని ఆపారు.

ఒక్కొక్కదానికి నలభై నిమిషాలు. మొదటిది తేలేలోగా ఒక లారీ నిండి బయల్దేరింది. ఆపమని అడిగితే డ్రైవరు కాగితం చూపించి పోయాడు. అందులో ఉన్నది మా ఇరవై ఆరుగురి పది రోజుల చేతిపని. అది ఆ సాయంత్రానికి పొగ అయింది. ఆ పొగను తర్వాత హైమావతి గారు తన పేరనా నా పేరనా రాసుకున్నారు.

తెర మీద అంకె వచ్చింది. ఎండలో ఏడు నెలలు. రెండోది అయిదు. మూడోది ఏడాది పైన ఒక నెల, అది ఏటి ఒడ్డున దొరికిన బకెట్టు. పది అవుతుంటే పారిశుధ్య అధికారి పట్నాయక్ గారు వచ్చారు. సన్యాసిరావు కుళాయి దగ్గర్నుంచి ఆయనకే ఫోను చేశాడని తర్వాత తెలిసింది. ఎవరికి మేలు చేద్దామని చేశాడో వాడికే తెలియదు.

"ఏంటండీ ఇది? మీ యంత్రమే మూయమంది, మీ యంత్రమే తెరవమంటుందా?" అన్నారాయన. "యంత్రం తప్పని రాసిస్తారా?"

"యంత్రం ఎండ దెబ్బ ఎంతో సరిగ్గానే చెప్పింది. ఆ ఎండ వీధిలో తగిలిందని అనుకున్నది నేను" అన్నారు హైమావతి గారు. "నమూనా ఎలా తేవాలో నేను తప్పుగా రాశాను. అదే రాసిస్తాను."

"ఈమె కడగడం వల్ల అని రాస్తే సరిపోతుంది కదా. మీ దాకా ఎందుకు?"

నేను తల దించుకోలేదు. అలా రాసినా నేను కాదనేదాన్ని కాదు.

"ఈమె కాగితంలో ఉన్నట్టే చేసింది" అన్నారామె.

పట్నాయక్ గారు గొంతు తగ్గించారు. "మేడమ్, ఇది పైకి వెళితే మిమ్మల్ని ఆ కుర్చీలో ఉంచరు. ఆలోచించుకోండి."

"ఇంకా మూడు ముక్కలున్నాయి. అవి అయ్యేలోగా ఆలోచిస్తాను" అని ఆమె నాలుగో ముక్క పెట్టారు. ఆరూ పూర్తయ్యాక సగటు తొమ్మిది నెలలు. ఆమె కాటా గదిలోనే నిలబడి రాసి సంతకం పెట్టారు. పట్నాయక్ గారు అది చదివి, అప్పుడే వచ్చిన మిగిలిన లారీలను ఖాళీగా తిప్పి పంపారు.

సాయంత్రం ఎర్నమ్మ గదికి వెళ్లాను. మూటల మధ్య కూర్చుని ఉంది.

"సెడ్డు తీస్తారే ఎర్నా. సోమారం నుంచి."

"ఏటి, పట్నాయక్ బాబుకి కల్లోకి అమ్మోరొచ్చిందేటి?"

గుమ్మం పట్టుకునే చెప్పాను. అది వింటున్నంతసేపూ ఒక మూట ముడి విప్పుతూ, మళ్లీ కడుతూ ఉంది.

"తొమ్మిది దినాలా" అంది.

"తొమ్మిది."

"సెత్తకి పెల్లికూతురి సింగారం సేసినావు కదప్పా."

ముడి మళ్లీ బిగించింది.

"మూడు వారాలు ఏడిసినాను. నువ్వు పక్కన కూకుని ఈపు నిమిరినావు."

"అప్పుడు నాకు తెల్దే."

"తెల్దు. అదే నా బాద. తెలిసి సేసుంటే నాలుగు తిట్టి ఊరుకుందును. ఇప్పుడెవుల్ని తిట్టను?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం బండి వెళ్లిపోయింది. ఎర్నమ్మ ఎక్కలేదు. ఆదివారం కూడా నాతో మాట్లాడలేదు. సోమవారం పొద్దున గుమ్మం బయట నిలబడి, "రావేటి, ఆలిసమైపోతంది" అంది. నేను కేంద్రానికి వెళ్లేదాన్నని మరిచిపోయింది. గుర్తు చేయలేదు. ఆ రోజు షెడ్డుకే వెళ్లి నా పీట మీద కూర్చున్నాను. తవుడమ్మ పీట, నీలయ్యమ్మ పీట, అప్పయ్యమ్మ పీట ఖాళీగా ఉన్నాయి. ఎర్నమ్మకు కనబడకపోయినా ఆ మూడు చోట్లా మీటే చప్పుడు లేదని తెలిసింది. ఎవరూ ఆ పీటలు జరపలేదు.

పది రోజులకు హైమావతి గారు కబురు పెట్టారు. కుర్చీ తీసేశారు. యంత్రాన్ని నడపడం ఇంకెవరికీ రాదు కాబట్టి దాన్ని ఆమెకే వదిలారు. ఆమె ముందు ఒక జాబితా ఉంది.

"అదే కాగితం పదకొండు ఊళ్లకూ వెళ్లింది దాలమ్మ గారూ. నల్లరేవు పోను పది. నాలుగు ఊళ్లలో షెడ్లు ఇప్పటికే మూశారు. మిగిలిన ఆరూ నెలాఖరుకు."

"ఆ ఊల్లలోనూ రేకు మీదే ఆరబెట్టుంటారా అమ్మా?"

"తెలీదు. మీకేమనిపిస్తుంది?"

ఆలోచించక్కర్లేదు. ఎక్కడైనా మాలాంటి వాళ్లే కదా. తెల్లకాగితం మీద శుభ్రంగా అని రాసి ఉంటే ఏం చేస్తారో నాకు తెలుసు. "రుద్ది రుద్ది అరగదీసుంటారు" అన్నాను.

"కడగకుండా ఇమ్మని నేను అడిగితే ఇవ్వరు. సిగ్గుపడతారు. మీరు రావాలి. మూడు నెలలు పట్టొచ్చు."

ఎర్నమ్మతో చెప్పడానికి రెండు రోజులు తిరిగాను. చెప్పాక, జవాబు నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టే అంది, "బాగున్నాది. నన్నాపి నువ్వెల్తన్నావా?"

"మూడు నెలలేనే."

"నీ లెక్కలు నాకు సెప్పకు. తొమ్మిది దినాల్ని మూడేల్లు సేసిన మనిసివి."

ఎర్నమ్మ బస్సు దగ్గరికి వచ్చింది. కిటికీ ఊచ తడిమి పట్టుకుని, "ఆ ఆడోల్ల మీద జాలిపడి నువ్వే కడిగీకు. బేగి పనవజేసుకొని రా" అంది. బస్సు కదిలినప్పుడు నేను తల తిప్పుకోలేదు. అది కనబడినంతసేపూ చూశాను. దానికి నేను కనబడటం అప్పటికే ఆగిపోయి ఉంటుంది, అయినా ఇటే ముఖం పెట్టి నిలబడింది.

మొదటి ఊరు పెదగెడ్డ. షెడ్డుకు తాళం వేసి రెండు నెలలైంది. తలుపు సందులో గడ్డి మొలిచింది. హైమావతి గారు మునిసిపాలిటీకి వెళ్లారు. నేను వీధి పట్టుకుని అడుగుతూ వెళ్లాను. ఒకావిడను చూపించారు. పెంకుటింటి అరుగు మీద అమ్మకానికి చింతపండు పిక్కలు తీస్తోంది. నా వయసే ఉంటుంది.

ఎవరినో, ఎందుకు వచ్చానో చెప్పాను. నల్లరేవులో నేను చేసింది కూడా దాచలేదు. ఆమె పిక్కలు తీయడం ఆపకుండా విన్నది.

"మేం సబ్బెట్టి కడిగినాం" అంది చివరికి. "ఇసక రోడ్డు మీద ఎండేసినాం. నానే కాపలా కాసినాను, కుక్కలు తొక్కకుండా."

"తెలుసమ్మా."

"ఇప్పుడొచ్చి తలుపు తీస్తే ఎవులున్నారు లోపల కూకోడానికి? పద్దెనిమిది మందిమి. ఎవుల దారిన ఆలు పోనారు. ఒకత్తి సచ్చిపోనాది కూడా."

నేను సంచిలోంచి పుస్తకం తీసి ఆమె అరుగు అంచున కూర్చున్నాను.

"నువ్వు కాక పదిహేడు మంది పేర్లూ సెప్పు" అన్నాను. "ఎవులు ఏ ఊరెల్లినారో తెలిసినంత వరకు సెప్పు. తెలియనోల్ల జాడ నాను కనుక్కుంటాను."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. మొదటి పేరు చెప్పడానికి ముందు కాస్త జరిగి నాకు చోటిచ్చింది.